కాపు చివర్లో మిగిలిన పచ్చి టమాటాలు పండించుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కాపు చివరికొచ్చేసరికి టమాటా మొక్కలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఆకులు పండుబారుతుంటాయి, వాతావరణం మారుతుంటుంది, కొమ్మలకి మాత్రం ఇంకా పచ్చికాయలు వేలాడుతుంటాయి. నెలల తరబడి నీళ్లు పోసి పెంచిన చేతులకి వాటిని పారేయబుద్ధి కాదు. పారేయాల్సిన అవసరం కూడా లేదు. ఏ కాయ పండుతుందో, ఏది పండదో గుర్తుపట్టడం వస్తే సగం పని అయిపోయినట్టే. ఈ పేజీలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

పచ్చిగా కోసిన టమాటా నిజంగా పండుతుందా?

పండుతుంది. అయితే పచ్చగా కనిపించే ప్రతి కాయా పండదు.

పిందె, కాయ, దోరకాయ, పండు అని మనకి నాలుగు మాటలున్నాయి. మీ ప్రశ్నకి జవాబు ఆ నాలుగు మాటల్లోనే ఉంది. పిందె ఇంకా పెరుగుతున్నది. దాన్ని కోస్తే అక్కడితో ఆగిపోతుంది, ఎన్ని రోజులు దాచినా వడలిపోవడమో కుళ్లిపోవడమో తప్ప పండదు. కాయ అంటే పూర్తి సైజుకి వచ్చి, లోపల గింజ గట్టిపడి, పండటానికి సిద్ధమైనది. పైకి పచ్చగానే ఉన్నా కొమ్మ నుంచి తెంపాక కూడా తనంతట తానే పండగలదు.

అన్ని పండ్లకీ ఈ గుణం లేదు. ద్రాక్ష, నారింజ కోశాక ఇక పండవు, కోసిన రోజు ఎంత తీపి ఉంటే అంతే. టమాటా మాత్రం అరటి, మామిడి, యాపిల్ కోవలోది. కాయ ముదిరాక ఇథిలీన్ అనే వాయువుని తానే తయారుచేసుకుంటుంది. ఆ వాయువు తగిలితే పచ్చరంగు విరగడం, గుజ్జు మెత్తబడటం, పులుపు తగ్గడం, వాసన పుట్టడం అన్నీ ఒకదాని వెంట ఒకటి మొదలవుతాయి. ఒకసారి మొదలయ్యాక కాయ ఇంకా ఎక్కువ ఇథిలీన్ వదులుతుంది. అందుకే రంగు తిరగడం మొదలైన కాయ చూస్తూ చూస్తూ పండైపోతుంది.

కాయ ముదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

రంగుతో మొదలుపెట్టండి. లేతకాయ ముదురు ఆకుపచ్చగా, కాస్త మసకగా ఉంటుంది. ముదిరేకొద్దీ ఆ పచ్చదనం పలచబడి లేతాకుపచ్చలోకి, కొన్ని రకాల్లో దాదాపు తెలుపులోకి తిరుగుతుంది. తోలు నున్నగా మెరుస్తుంది. కాయని తిప్పి అడుగున చూడండి. తొడిమకి ఎదురుగా ఉండే ఆ కొనలో తెల్లటి నక్షత్రంలా లేత చారలు కనిపిస్తే అది ముదిరిన కాయ. చేతిలో పట్టుకుంటే సైజుకి తగ్గ బరువు ఉంటుంది.

అప్పటికీ అనుమానంగా ఉంటే ఒక కాయని త్యాగం చేయండి. అదే సైజు, అదే రంగు కాయల్లోంచి ఒకటి తీసి కత్తితో అడ్డంగా కోయండి. గింజల చుట్టూ జిగురు నిండి, కత్తి తగలగానే గింజలు తెగకుండా పక్కకి జారితే, ఆ వరుసలోని కాయలన్నీ మాగబెట్టడానికి పనికొస్తాయి. గింజలు కాయతో పాటే రెండు ముక్కలుగా తెగిపోయి, అరల్లో జిగురు లేకుండా గట్టిగా ఉంటే అవి ఇంకా లేత. బయటి గుర్తులు రకాన్ని బట్టి కొంచెం మారతాయి, ఈ కోత పరీక్ష ఫలితం మాత్రం మారదు. నేను ప్రతి కాపు చివరా రకానికి ఒక కాయ చొప్పున కోసి చూశాకే మిగతావి తెంపుతాను.

పువ్వు నుంచి పండు దాకా ఎన్ని రోజులు పడుతుంది?

పూత నిలిచాక కాయ పూర్తిగా ముదరడానికి సుమారు 40 నుంచి 50 రోజులు. చెర్రీ టమాటాల్లాంటి చిన్నవి ఇంకా ముందే ముదురుతాయి. పెద్ద పెద్ద కాయల రకాలకి ఎక్కువ రోజులు కావాలి. ముదిరిన కాయ ఎర్రబడటానికి మరో వారం, పది రోజులు. ఇది వాతావరణం అనుకూలంగా ఉన్నప్పటి లెక్క. చలి ముదిరితే ప్రతి దశా సాగుతుంది.

ఈ లెక్కని వెనక నుంచి వేసుకుంటే కాపు చివర్లో ఏం చేయాలో తెలుస్తుంది. మీ దగ్గర ఇంకా 5 వారాలే అనుకూలమైన రోజులు మిగిలుంటే, ఇవాళ విచ్చుకున్న పువ్వు మీకు పండు ఇవ్వదు. అది మొక్క బలాన్ని తినడానికి మాత్రమే మిగులుతుంది.

కాపు ముగిసేలోపు మొక్క మీదే ఎక్కువ కాయలు పండాలంటే ఏం చేయాలి?

చలి గానీ, భరించలేని ఎండ గానీ, విడవని వానలు గానీ, మీ దగ్గర కాపుని ముగించేది ఏదైనా సరే, దానికి 4 నుంచి 6 వారాల ముందే పని మొదలుపెట్టాలి. చివరి వారంలో ఏం చేసినా పెద్దగా ఫలితం ఉండదు.

మొదటిది, తలలు తుంచడం. ప్రతి పెద్ద కొమ్మ చివర చిగురుని, కాయలున్న చివరి గుత్తి పైన రెండు ఆకులు వదిలి తుంచేయండి. ఎడతెగకుండా తీగలా పెరిగే రకాలకి ఇది చాలా ముఖ్యం. వాటిని వదిలేస్తే చచ్చేదాకా చిగురు వేస్తూనే ఉంటాయి. పొట్టిగా గుబురుగా పెరిగి ఒకేసారి కాసే రకాలు తమంతట తామే ఆగుతాయి కాబట్టి వాటికి ఈ పని అంతగా అవసరం లేదు.

రెండోది, కొత్త పూత, పిందెలు తీసేయడం. చాలామందికి ఇక్కడే చెయ్యి రాదు. పువ్వు తుంచడం పాపంలా అనిపిస్తుంది, ఆ బాధ నాకూ తెలుసు. కానీ పైన చెప్పిన లెక్క చూశారు కదా. గోలీ అంత పిందె ఈ కాపులో పండు కాలేదు. దాన్ని ఉంచితే, దాని పక్కనే ఉన్న పెద్ద కాయకి పోవాల్సిన ఆహారం పంచుకుంటుంది. ఆకు చంకల్లోంచి వచ్చే పక్క చిగుళ్లనీ గిల్లేయండి.

మూడోది, నత్రజని ఎరువు ఆపేయడం. ఈ దశలో యూరియా వేసినా, పచ్చిపేడ నీళ్లు పోసినా మొక్క మళ్లీ ఆకు మీద పడుతుంది, పండటం వెనక్కి పోతుంది.

ఇంకొకటి, రంగు తిరిగిన కాయని కొమ్మ మీద ఉంచకుండా ఎప్పటికప్పుడు తెంపుతూ ఉండండి. మొక్క మీద భారం తగ్గుతుంది.

ఆకులన్నీ దూసేసి కాయలకి ఎండ తగిలేలా చేస్తే త్వరగా పండవా?

పండవు. ఇది బాగా ప్రచారంలో ఉన్న సలహానే, కానీ నష్టమే ఎక్కువ. కాయలోకి వెళ్లే చక్కెరని తయారుచేసేది ఆకులే. ఆకు పోతే కాయకి తిండి పోయినట్టే. పైగా ఇన్నాళ్లూ నీడలో పెరిగిన కాయకి ఒక్కసారిగా ఎండ తగిలితే ఆ వైపు తోలు తెల్లగా పాలిపోయి, కాగితంలా ఎండి, తర్వాత అక్కడే బూజు పడుతుంది. కింద పండిపోయిన ఆకులు, తెగులు మచ్చలున్న ఆకులు, నేలకి ఆనుతున్న ఆకులు తీసేయండి. గాలి ఆడుతుంది. అంతవరకు చాలు.

నీళ్లు ఆపేస్తే కాయలు త్వరగా పండుతాయని విన్నాను. నిజమేనా?

కొంతవరకు నిజం. మొక్కకి కొంచెం కష్టం తగిలితే కొత్త పెరుగుదల మానేసి ఉన్న కాయల్ని పండించే పనిలో పడుతుంది. కాబట్టి చివరి 2, 3 వారాల్లో నీళ్లు తగ్గించండి. తగ్గించమన్నాను, పూర్తిగా మానేయమనలేదు. పూర్తిగా ఎండగట్టి, మొక్క వాడిపోయాక జాలిపడి ఒక్కసారిగా నీళ్లు పోస్తే కాయలు పగిలిపోతాయి. లోపల గుజ్జు ఉబ్బే వేగాన్ని తోలు అందుకోలేదు. మట్టి పైపొర ఎండి, వేలు లోపలికి పెడితే కొంచెం తడి తగిలేలా ఉంచితే సరిపోతుంది. కుండీల్లో మొక్కలైతే మట్టి త్వరగా ఎండిపోతుంది, వాటి విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

వేళ్లు కొంత కోయడం కూడా ఇదే దారిలోని పద్ధతి. మొదలుకి ఒక అడుగు దూరంలో, ఒకవైపు మాత్రమే, పారని 20 సెంటీమీటర్ల లోతుకి దించి కొన్ని వేళ్లు తెంచుతారు. నేలలో పెరిగే బలమైన మొక్కకైతే పనిచేస్తుంది. ఇప్పటికే డీలాపడ్డ మొక్కకి మాత్రం చేయకండి, కోలుకోదు.

కొమ్మ మీదే పూర్తిగా ఎర్రబడేదాకా ఆగాలా, ముందే కోసేయాలా?

వాతావరణం బాగున్నంతకాలం కొమ్మ మీదే ఉంచితే మంచిది. చివరి రోజుల్లో మాత్రం నా సలహా, రంగు తిరగడం మొదలవ్వగానే కోసేయండి. అంటే కాయ అడుగున లేత పసుపో, గులాబీ రంగో చుక్కలా కనిపించిన రోజున. అప్పటికి కాయ చూపుకి చాలావరకు పచ్చగానే ఉంటుంది, రంగు పదో వంతు కూడా ఉండదు. అయినా పండే ప్రక్రియ లోపల మొదలైపోయింది. ఆ దశలో కోసి ఇంట్లో పెట్టిన కాయకి, కొమ్మ మీద పండిన దానికి రుచిలో తేడా బాగా తక్కువ. పక్షులు, పురుగులు, పగుళ్లు, రాత్రి చలి, ఇవేవీ దాన్ని తాకవు.

పూర్తి పచ్చగా ఉన్న ముదురు కాయని కోయాల్సి వస్తే కోయండి, అదీ పండుతుంది. కానీ అది ఆఖరి రోజు వరకు ఆగాక చేసే పని.

కోసిన కాయల్ని కిటికీ దగ్గర ఎండ తగిలేలా పెట్టాలా?

వద్దు. పండటానికి వెలుతురు అక్కర్లేదు. కావాల్సినది వెచ్చదనం. చీకటి పెట్టెలో ఉంచినా టమాటా చక్కగా ఎర్రబడుతుంది. కిటికీ అద్దం వెనక నేరుగా ఎండ పడితే కాయ ఒకవైపు వేడెక్కి, ఆ వైపు తోలు బిరుసెక్కి, రంగు అతుకులు అతుకులుగా వస్తుంది. మొదట్లో నేనూ వరసగా కిటికీ గట్టు మీద పేర్చేవాణ్ని. చూడటానికి అందంగా ఉండేవి, సగం ముడతలు పడేవి. ఆ తర్వాత అట్టపెట్టెలోకి మార్చాను.

ఎంత వేడి ఉండాలి?

18 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ మధ్య చాలా బాగా పండుతాయి. ముదిరిన పచ్చికాయకి 20 డిగ్రీల దగ్గర సుమారు రెండు వారాలు పడుతుంది. రంగు తిరిగిన కాయకైతే వారం చాలు. 13 డిగ్రీల దగ్గర అదే పచ్చికాయకి 3, 4 వారాలు పడుతుంది. దీన్ని మీకు అనుకూలంగా వాడుకోవచ్చు. కాయలన్నీ ఒకేసారి పండి పాడవకుండా, కొన్నింటిని వెచ్చటి గదిలో, కొన్నింటిని చల్లటి గదిలో పెట్టి, వారం వారం కొన్ని చల్లటి గది నుంచి వెచ్చటి గదికి మార్చుకుంటే నెల దాటినా పండ్లు అందుతూనే ఉంటాయి.

10 డిగ్రీల కంటే తగ్గితే మాత్రం చలిదెబ్బ తగులుతుంది. అలాంటి కాయని తర్వాత వెచ్చగా పెట్టినా సరిగా రంగు రాదు, తోలు మీద చిన్న చిన్న గుంటలు పడతాయి, నల్ల బూజు తొందరగా పట్టుకుంటుంది.

మరీ వేడి కూడా శత్రువే. టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటితే సరిగా తయారవదు. పసుపు, నారింజ రంగుల్నిచ్చే కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. మండే ఎండల్లో టమాటాలు ఎంతకీ ఎర్రబడకుండా నారింజ రంగులోనే ఆగిపోవడానికి కారణం ఇదే. అలాంటి చోట కాపు చివర చలి వల్ల కాదు, ఎండ వల్ల వస్తుంది. అప్పుడు కూడా మందు ఒకటే. రంగు తిరగ్గానే కోసి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో నీడన పెట్టండి. కొమ్మ మీద ఎర్రబడనిది ఇంట్లో ఎర్రబడుతుంది.

ఇంట్లో మాగబెట్టే సరైన పద్ధతి ఏమిటి?

పొడి వాతావరణం ఉన్న రోజు, ఆకుల మీద తడి ఆరాక కోయండి. తడిగా కోసిన కాయ బూజుకి దారి ఇస్తుంది. కోసేటప్పుడే మూడు కుప్పలు చేసుకోండి: రంగు తిరిగినవి, పచ్చగా ఉన్నా ముదిరినవి, దెబ్బతిన్నవి. పగుళ్లు, పురుగు రంధ్రాలు, మెత్తటి మచ్చలు ఉన్నవి మాగబెట్టడానికి పనికిరావు. వాటిలో బాగున్న భాగాన్ని వెంటనే వంటకి వాడుకోండి.

తొడిమలు తీసేయండి. ఎండిన తొడిమ ముల్లులా తయారై పక్క కాయకి గుచ్చుకుంటుంది, ఆ చిన్న గాయంలోంచే కుళ్లు మొదలవుతుంది. మట్టి అంటితే మెత్తటి గుడ్డతో తుడవండి. కడగాల్సి వస్తే కడిగి, ఒక్కొక్కటిగా తుడిచి, పూర్తిగా ఆరబెట్టాకే పెట్టెలో పెట్టండి.

అట్టపెట్టెలో గానీ వెడల్పాటి ట్రేలో గానీ కాగితం పరిచి, కాయల్ని ఒకే వరసలో, ఒకదానికొకటి తగలకుండా సర్దండి. చోటు లేక రెండు వరసలు వేయాల్సి వస్తే మధ్యలో కాగితం వేయండి. అంతకు మించి వద్దు, కిందివి నలుగుతాయి. ఒక్కో కాయని విడిగా పాత న్యూస్‌పేపర్‌లో చుడితే ఇంకా మంచిది. అది వదిలే ఇథిలీన్ దాని చుట్టూనే నిలుస్తుంది, ఒకటి కుళ్లినా పక్కదానికి అంటదు. కాకపోతే చూడాలంటే ప్రతిసారీ విప్పాలి. కాయలు పాతిక లోపు ఉంటే చుట్టండి. బుట్టల కొద్దీ ఉంటే పైన ఒక కాగితం కప్పి వదిలేయండి.

మూత పూర్తిగా బిగించకండి. ప్లాస్టిక్ కవరులో పెట్టి ముడి వేయడం అన్నింటికన్నా పెద్ద తప్పు. లోపల ఆవిరి పట్టి, మూడో రోజుకల్లా బూజు వస్తుంది. గాలి మరీ పొడిగా ఉంటే కాయలు ముడతలు పడతాయి, అప్పుడు కాగితం చుట్టడం సాయం చేస్తుంది.

రోజు విడిచి రోజు చూడండి. ఈ పని మాత్రం ఎవరూ తప్పించుకోలేరు. పండినదాన్ని తీసేయండి, మెత్తబడిన దాన్ని, మచ్చ వచ్చిన దాన్ని వెంటనే ఏరేయండి. ఒక్క కుళ్లిన కాయని వారం పాటు చూడకుండా వదిలితే పెట్టె మొత్తం పోతుంది.

పెట్టెలో అరటిపండు పెట్టమంటారు. దానివల్ల లాభం ఉందా?

ఉంది. పండుతున్న అరటి, యాపిల్ రెండూ ఇథిలీన్ బాగా వదులుతాయి. ముదిరి సిద్ధంగా ఉన్న పచ్చి టమాటాకి ఆ వాయువు తగిలితే తన సొంత ఇథిలీన్ తయారుచేయడం తొందరగా మొదలుపెడుతుంది. పెట్టెకి ఒకటి చాలు. కాగితం సంచిలో నాలుగైదు టమాటాలు, ఒక అరటిపండు వేసి పైభాగం మడిచి పెడితే కొన్ని రోజులు కలిసొస్తాయి. అరటిపండు నల్లబడి కారడం మొదలుపెట్టకముందే మార్చండి, లేకపోతే బూజుని మీరే పిలిచినట్టు. అరటి లేకపోతే బాగా పండిన టమాటా ఒకటి పెట్టినా ఆ పని చేస్తుంది.

ఈ వాయువు సంగతి తెలిసిన తీరు నాకు చాలా ఇష్టం. 1901లో రష్యాలో దిమిత్రీ నెల్యుబోవ్ అనే విద్యార్థి ప్రయోగశాలలో బఠానీ మొలకలు వంకరగా, పొట్టిగా పెరగడం గమనించి, దీపాలకి వాడే బొగ్గు గ్యాస్‌లోని ఇథిలీన్ దానికి కారణమని తేల్చాడు. పండుతున్న యాపిల్స్ ఆ వాయువునే తమంతట తాము తయారుచేస్తాయని 1934లో రిచర్డ్ గేన్ నిరూపించాడు. ఒక కుళ్లిన పండు బుట్టంతా పాడుచేస్తుందని పెద్దవాళ్లు అనే మాట వెనక బూజుతో పాటు ఈ వాయువు కూడా ఉంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. లేత పిందెల పక్కన ఎన్ని అరటిపండ్లు పెట్టినా పండవు.

కార్బైడ్ వాడొచ్చా?

వద్దే వద్దు. కాల్షియం కార్బైడ్‌కి తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు వస్తుంది, అది ఇథిలీన్‌లా పనిచేసి రంగు తెప్పిస్తుంది. కానీ మార్కెట్లో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, భాస్వరం ఆనవాళ్లు ఉంటాయి. ఎసిటిలీన్‌కి నిప్పంటుకునే గుణం కూడా ఉంది. పండ్లకి దీన్ని వాడటం చాలా దేశాల్లో నిషేధం. అరటిపండు చేసే పనికి విషం ఎందుకు?

రాత్రి మంచు గడ్డకట్టేలా ఉంది. ఇవాళే కోసేయాలా?

ఒకటి రెండు రాత్రులే చలి ఉండి, తర్వాత మళ్లీ ఎండ వస్తుందనుకుంటే మొక్కని కప్పి కాపాడుకోవచ్చు. సాయంత్రం పొద్దు వాలకముందే పాత దుప్పటో, పల్చటి గుడ్డో మొక్క మీంచి నేలదాకా పరవండి. నేలలో దాచుకున్న వెచ్చదనమే మొక్కని కాపాడుతుంది కాబట్టి కప్పు నేలని తాకాలి. ప్లాస్టిక్ షీట్ అయితే ఆకులకి తగలకుండా కర్రలు నాటి వేయండి, తగిలిన చోట ఆకు మాడుతుంది. పొద్దున్నే తీసేయడం మర్చిపోవద్దు.

సున్నా డిగ్రీలకి పడిపోయి అలాగే ఉండేలా ఉంటే ఆ సాయంత్రమే మొత్తం కోసేయండి. గడ్డకట్టిన కాయ నీరుకారి, గాజులా పారదర్శకంగా మారిపోతుంది, అది ఇక పండదు. గడ్డకట్టకపోయినా రోజుల తరబడి 10 డిగ్రీల లోపు రాత్రులు చూసిన కాయ కూడా బాగా పండదు. అందుకని నేను మంచు కోసం ఎదురుచూడను, రాత్రుళ్లు వరసగా 10కి దిగడం మొదలవ్వగానే కోస్తాను.

మంచుకి చనిపోయిన మొక్క కాయల్ని సీసాల్లో సీలు వేసి నెలల తరబడి నిల్వచేసే పనికి వాడకండి. వాటిలో పులుపు తగ్గి ఉండొచ్చు. అలాంటి నిల్వకి పులుపే రక్షణ.

మొక్కని వేళ్లతో సహా పీకి తలకిందులుగా వేలాడదీస్తే?

మంచి పద్ధతే. చోటు ఉన్నవాళ్లకి, తెగులు లేని మొక్కలకి మాత్రమే. వేళ్లకున్న మట్టి దులిపి, వాడిన ఆకులు తీసేసి, ఎండ పడని, మరీ చల్లగా లేని గదిలో తాడుతో కట్టండి. కొమ్మలో మిగిలిన నీరు, ఆహారం కొన్ని రోజులు కాయలకి అందుతుంది. చెర్రీ టమాటాలు దీనికి బాగా సరిపోతాయి, అన్ని చిన్న కాయల్ని ఒక్కొక్కటిగా కోసి చుట్టే ఓపిక ఎవరికుంటుంది? కింద ఏదైనా పరవండి, పండినవి రాలతాయి.

ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

పచ్చిగా ఉన్నప్పుడు అస్సలు పెట్టకండి. పండటం ఆగిపోతుంది, తర్వాత బయట పెట్టినా తేరుకోదు. పూర్తిగా పండి, ఇక ఒకటి రెండు రోజుల్లో పాడయ్యేలా ఉంటే పెట్టుకోవచ్చు. తినే ముందు కాసేపు బయట ఉంచండి. పండిన టమాటాలని 5 డిగ్రీల చలిలో వారం ఉంచితే వాసననిచ్చే పదార్థాలు బాగా తగ్గిపోయాయని 2016లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. చక్కెర, పులుపు అలాగే ఉన్నా రుచి చప్పబడేది అందుకే.

ఇంట్లో పండిన వాటికి రుచి ఎందుకు తక్కువగా ఉంటుంది?

కొమ్మ నుంచి తెంపిన క్షణం నుంచి కాయలోకి కొత్త చక్కెర రాదు. ఉన్నదానితోనే పండాలి. అందుకే పచ్చగా కోసింది కాస్త పుల్లగా, నీళ్లగా అనిపిస్తుంది. రంగు తిరిగాక కోసిన దాంట్లో ఈ లోటు చాలా తక్కువ. చలిలో నానిన కాయ అయితే ఎలా మాగబెట్టినా రుచి రాదు. ఇంట్లో పండిన వాటిని పచ్చిగా తినేకన్నా ఉడికించి వాడుకుంటే ఆ తేడా దాదాపు తెలియదు.

తెగులు సోకిన మొక్క మీది కాయలు మాగబెట్టుకోవచ్చా?

ఏ తెగులో చూడాలి. ఆకుల మీద మాత్రమే మచ్చలుండి కాయ శుభ్రంగా ఉంటే మాగబెట్టొచ్చు, విడిగా పెట్టి రోజూ చూడండి. కాయ అడుగున నల్లగా, తోలులా అణిగిపోయిన మచ్చ ఉంటే అది కాల్షియం అందక వచ్చే అడుగు కుళ్లు. అంటురోగం కాదు. ఆ భాగం కోసేసి మిగతాది వండుకోవచ్చు, నిల్వకి మాత్రం ఉంచకండి.

లేట్ బ్లైట్ వేరు. చల్లగా, తడిగా ఉన్న రోజుల్లో ఆకులు నూనె పూసినట్టు మచ్చలు తేలి, రెండు మూడు రోజుల్లో మొక్కంతా మాడుతుంది. కాయల మీద గోధుమరంగు, గట్టి, ఎగుడుదిగుడు మచ్చలు వస్తాయి. 1845లో ఐర్లాండ్‌లో బంగాళదుంప పంటని తుడిచిపెట్టి కరువు తెచ్చింది ఈ తెగులే. పైకి బాగున్న కాయలో కూడా అది ఉండి, పెట్టెలో పెట్టిన వారంలోపు బయటపడుతుంది. బాగున్న కాయల్ని వెంటనే వాడేయండి, ఆరోగ్యంగా ఉన్న వాటితో కలపకండి. మొక్కల్ని కంపోస్టు కుప్పలో వేయవద్దు.

కాయ ఎర్రబడింది కానీ తొడిమ చుట్టూ పచ్చగా, గట్టిగా ఉండిపోయింది. ఎందుకు?

ఎక్కువ ఎండ తగలడం, పొటాషియం చాలకపోవడం మామూలు కారణాలు. కొన్ని పాత రకాలకి ఆ గుణం పుట్టుకతోనే ఉంటుంది. ఎన్ని రోజులు ఉంచినా ఆ భాగం మారదు. కోసి తీసేసి మిగతాది వాడుకోండి.

నా టమాటాలు నెలైనా పచ్చగానే ఉన్నాయి. ఏం తప్పు జరిగింది?

లేతగా కోసి ఉండొచ్చు, గది చల్లగా ఉండొచ్చు. ఒకటి కోసి గింజలు చూడండి. ఇంకో సంగతి కూడా ఉంది: పండినా పచ్చగానే ఉండే రకాలున్నాయి. గ్రీన్ జీబ్రా, ఆంట్ రూబీస్ జర్మన్ గ్రీన్ అలాంటివే. వాటిలో రంగు కోసం చూస్తూ కూర్చుంటే కుళ్లిపోతాయి. పచ్చదనం మీద లేత పసుపు ఛాయ వచ్చిందా, వేలితో మెల్లగా నొక్కితే కొంచెం మెత్తగా తగిలిందా అని చూడాలి. విత్తనాల ప్యాకెట్ మీది పేరు దాచిపెట్టుకోవడం ఇందుకే మంచిది.

ఎంతకీ పండని పచ్చికాయలు తినొచ్చా? వాటిలో విషం ఉంటుందంటారు.

టమాటాలో టొమాటిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. ఆకుల్లో, కాండంలో ఎక్కువ, లేత కాయల్లో కొంత, పండేకొద్దీ బాగా తగ్గిపోతుంది. పచ్చి టమాటాలని మామూలు మోతాదులో వండుకుని తినడం ప్రపంచమంతా ఉన్న అలవాటే, భయపడాల్సింది లేదు. ముదిరిన పచ్చికాయలు వంటకి బాగుంటాయి. మరీ చిన్న పిందెలు చేదుగా ఉంటాయి, వాటిని కంపోస్టులో వేయండి. ఆకులు మాత్రం తినకండి.

ఇంట్లో మాగబెట్టిన పండు నుంచి విత్తనాలు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కాయ ముదిరాక కోసి ఉంటే. పండు బాగా మెత్తబడేదాకా ఉంచి, గింజల్ని జిగురుతో సహా గిన్నెలోకి పిండి, కొంచెం నీళ్లు పోసి రెండు మూడు రోజులు పులియనివ్వండి. జిగురు విడిపోయాక కడిగితే మంచి గింజలు అడుగుకి చేరతాయి, తేలినవి పారబోయండి. పళ్లెంలో పలచగా పరిచి నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి, రకం పేరు, తేదీ రాసి పెట్టుకోండి. హైబ్రిడ్ అయితే తల్లి మొక్క లాంటిదే మళ్లీ వస్తుందనుకోవద్దు. తెగులుతో పోయిన మొక్క నుంచి మాత్రం గింజలు ఉంచకండి.